చెక్క కారుకు నేను వేయించిన లాకు

ఉద్యోగం మానేసే నాటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. "రిటైరయ్యాను" అంటే మా ఇంట్లో నవ్వుతారు. కానీ తొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని, ఇక ఆ పని మళ్ళీ చేయనని తెలిసి లేచిన మనిషిని వేరే ఏమనాలో నాకు తెలియదు. నా తర్వాత ఆ కుర్చీలోకి ఒకమ్మాయి వచ్చిందని విన్నాను. ఎదురుగా కూర్చుని చెప్పమంటే నాకు నోరు పెగలదు. అందుకని డైరీలు ముందేసుకుని రాస్తున్నాను. ఎలా పైకి రావాలో ఇందులో ఉండదు, నేను పైకి రాలేదు కాబట్టి. ఆ పని లోపల ఎలా ఉంటుందో ఉంటుంది. నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంటుంది.

మేం చేసిన పని

మేడ్చల్ రోడ్డు మీద టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. రెండు గదులు, ఒక బాల్కనీ. పాత కార్లు, జీపులు ఉన్నవాళ్ళు వాటిని వింటేజ్ బండ్లుగా రిజిస్టరు చేయించుకోవాలనుకుంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళు. బండి నిజంగా అంత పాతదేనా, ఎక్కడెక్కడ మార్చారు, రోడ్డెక్కితే ప్రమాదమా అన్నది చూసి మేం ఒక నివేదిక రాసిచ్చేవాళ్ళం. దాన్ని పట్టుకుని వాళ్ళు సర్టిఫికెట్ కోసం రవాణా ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు.

చూసేది నేను కాదు. పాత బండ్లంటే ప్రాణం పెట్టే ఔత్సాహికులు కొందరు మా జాబితాలో ఉండేవాళ్ళు. ఒక్కో బండికి ముగ్గురిని, వేరువేరు రోజుల్లో, ఒకరి మాట ఒకరికి తెలియకుండా తీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళు బండి చుట్టూ తిరుగుతూ మాట్లాడుతుంటే పక్కన నిలబడి రాసుకోవడం నా పని. నాలాంటి బిడియస్తురాలికి అంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. మాట్లాడక్కర్లేదు. వినడం వస్తే చాలు.

ఈ పనిలో చేరే ముందు ఎవరూ చెప్పనిది ఒకటుంది. మనం వెళ్ళే ప్రతి ఇంట్లోనూ బండి ఉంటుంది, దాన్ని నడిపిన మనిషి ఉండడు. బండి తలుపు తీస్తే ఆయన వాసన వస్తుంది. బీడీ, కొబ్బరి నూనె, ఎవరిదో చెమట. స్టీరింగు మీద ఆయన చేతులు అరగదీసిన చోటు నున్నగా మెరుస్తుంటుంది. డ్రైవర్ సీటులో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంటుంది. ఎవరి నిద్రలోకో చెప్పకుండా వెళ్ళినట్టుంటుంది.

చేరిన మొదటి సంవత్సరం బహదూర్‌పల్లిలో ఒక ఇంటికి వెళ్ళాం. సీటు కింద ఏదో నంబరు ఉందంటే, చదువుదామని నేను డ్రైవర్ సీటును కాస్త వెనక్కి జరిపాను. గుమ్మంలో నిలబడ్డ ఆ ఇంటావిడ "అయ్యో!" అన్నారు. నేను కంగారుగా సీటును మళ్ళీ ముందుకు తోశాను. కానీ ఆయన పెట్టుకున్న గాడి ఏదో నాకు తెలియదు. ఒక గాడి ముందుకో వెనక్కో తేడా వచ్చే ఉంటుంది. ఆవిడ కాఫీ ఇచ్చి పంపారు. ఆ కాఫీ ఎలా తాగానో నాకే తెలియదు. ఎవరి బండిలోనైనా సీటు జరపకు. ఇది నీకు ఎవరూ రాసివ్వని నియమం.

ప్రసాదరావు గారు

మా యజమాని ప్రసాదరావు గారు గుంటూరు వైపు మనిషి. లారీలు నడిపే ఒక పెద్ద సంస్థలో ఇంజినీరుగా చేసి వచ్చి ఈ ఆఫీసు పెట్టుకున్నారు. అరవై ఏడేళ్ళ వయసులోనూ బండి కిందికి పడుకుని దూరేవారు. ఆయన నాకు నేర్పింది ఒక్క వాక్యం.

"ఏమ్మా వసుధా, బండి గురించి రాయి. బండిని చూసిన మనిషి గురించి రాయకు."

నేను రాసిన కాగితంలో "అనిపించింది" అన్న మాట కనబడితే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "అనిపించడానికి మనకి గడి లేదమ్మా" అనేవారు. నిజమే, మా ఫారంలో ఇంజినుకు గడి ఉంది, చక్రాలకు ఉంది, తలుపులకు ఉంది, సీట్లకు ఉంది. అనిపించినదానికి లేదు.

ఆయన పద్ధతి చాలాసార్లు మమ్మల్ని కాపాడింది కూడా. ఒకాయన తన తాతగారి వేట జీపు అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వచ్చిన ఔత్సాహికుడూ కరిగిపోయాడు. నేనూ కరిగిపోయాను. ప్రసాదరావు గారు మాత్రం అయస్కాంతానికి గుడ్డ చుట్టి బండి ఒళ్ళంతా రాశారు. సగం చోట్ల అంటుకోలేదు. రేకు తుప్పు పట్టిపోతే లప్పం పెట్టి నింపి రంగేశారన్నమాట. ఛాసిస్ నంబరు కూడా కొత్తగా కొట్టినదే. ఆ జీపు ఏ తాతదీ కాదు. కన్నీళ్ళు మాత్రం నిజమైనవే అయ్యుండొచ్చు, నాకు తెలియదు.

అందుకే ఆయన్ని తప్పు పట్టను. తొమ్మిదేళ్ళలో నేను నేర్చుకున్న మంచి అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చేసిన తప్పు కూడా ఆయన మాటను పట్టుకునే చేశాను.

చెక్క కారు

దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు ఒక మట్టి దారి. చివర రెండు గదుల ఇల్లు, పక్కన రేకుల షెడ్డు. అందులో ఉంది ఆ కారు.

షాహీన్ అనే ఆవిడ మాకు దరఖాస్తు పెట్టారు. నలభై అయిదేళ్ళుంటాయి, ఇంట్లోనే బట్టలు కుడతారు. కారు చేసింది ఆమె తండ్రి, మోయిన్ మేస్త్రీ. ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. ఎక్కడో వేలంలో పేరు చెరిగిపోయిన ఒక విదేశీ కారు ఛాసిస్, ఇంజినూ దొరికితే తెచ్చుకుని, పైన ఒళ్ళంతా చెక్కతో తానే కట్టుకున్నాడు.

"మూడేండ్లు పట్టిందంట మేడమ్. నేను ఇంకా పుట్టలే" అన్నారు షాహీన్. "మేడ్చల్ సంతకు కూరగాయలు, మనుషులు, అన్నీ దీంట్లనే. అబ్బా పోయి పదేండ్లయితాంది. గిప్పుడు పేపర్లు అయిపోయిన పాత బండ్లన్నీ తుక్కుకు కొడ్తరంటున్నరు. జర సర్టిఫికెట్ వచ్చేటట్టు చూడున్రి. ఈ బండి పోతే మా అమ్మీ బతకది."

అమ్మీ అంటే మోయిన్ మేస్త్రీ భార్య జహేరాబీ. డెబ్భై దాటిన సన్నటి మనిషి. ఇంటి వరండాలో, షెడ్డుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునుంది. నా వంక ఒకసారి చూసి, మళ్ళీ కారు వైపు చూసుకుంది.

నేను చూసిన బండ్లలో అలాంటిది మరొకటి లేదు. పైకప్పు ఎడ్లబండి గూడులాగా వంగి ఉంది. పక్కటెముకలు తుమ్మ చెక్క, తలుపులు టేకు. ఒక్క మేకు లేదు. అన్నీ చెక్క చీలలే. డ్రైవర్ తలుపును ఏదో పాత ఇంటి దర్వాజా నుంచి కోసినట్టుంది. అడుగున పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. ఆ తలుపు గుండా ఎంతమంది ఆ ఇంట్లోకి వెళ్ళారో, తర్వాత ఎంతమంది కార్లోంచి దిగారో.

ముగ్గురి మాటలు

మొదట రామ్మూర్తి గారిని తీసుకెళ్ళాను. బండిలో ప్రతి ముక్కా పుట్టినప్పుడు ఉన్నదే ఉండాలనే మనిషి. అది మే నెల. ఆయనకు వేరేచోట పనుండి మేం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది.

"ఏవమ్మా, అయస్కాంతం ఏదీ?" అన్నారు.

"సార్, ఇది చెక్క కదండీ."

"చెక్కయితే? పద్ధతి పద్ధతే."

పావుగంట సేపు కారు ఒళ్ళంతా రాశారు. "ఎక్కడా అంటుకోవడం లేదు!" అన్నారు, ఎవరో మోసం చేసినట్టు. వరండాలో షాహీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆయన వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పారు. "ఇది కారు కాదమ్మా. చక్రాలున్న బీరువా. కానీ ఒకటి చెప్పనా? నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇంత నిజాయితీగా చేసిన బీరువా చూడలేదు."

అంటూ డ్రైవర్ తలుపు మీద వంగి, గొళ్ళెం ఎలా ఉందో చూడబోయారు. గొళ్ళెం కూడా చెక్కదే, నాలుకలాంటి ముక్క. ఆయన చెయ్యి ఇంకా తగల్లేదు. లోపల చిన్నగా టక్కుమంది. తలుపు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, పూర్తిగా తెరుచుకుంది. కారులోంచి మనిషి దిగడానికి ఎంత కావాలో అంత తెరుచుకుని ఆగింది.

రామ్మూర్తి గారు చప్పున పక్కకు తప్పుకున్నారు. ఆయన మర్యాదగా తప్పుకోవడం నాకు వింతగా అనిపించింది. అదే సమయానికి ఇంట్లో పళ్ళాల చప్పుడు, జహేరాబీ ఏదో అనడం వినిపించాయి. గాలి లేదు. "గొళ్ళెం లోపం. రాసుకో" అన్నారాయన. రాసుకున్నాను.

రెండోసారి డాక్టర్ శైలజ గారు. పళ్ళ డాక్టరు, శామీర్‌పేటలో విల్లా, పాత కారొకటి ఉంది. ఉదయం పదకొండుకు వెళ్ళాం. అప్పుడు అదే తలుపు ఎంత గుంజినా రాలేదు. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. ఆవిడ డ్రైవర్ సీటులో కూర్చుని స్టీరింగు పట్టుకున్నారు. నవ్వుతూ ఎక్కిన మనిషి అయిదు నిమిషాలకు నవ్వు లేకుండా దిగారు.

"వసుధా, ఇందాక ఇందులో ఎవరైనా కూర్చున్నారా?"

"లేదండీ."

"సీటు వెచ్చగా ఉంది."

"ఎండ వల్లేమో."

"ఎండ అటు పడట్లేదు కదా." సీటు వంక తిరిగి చూశారు. "నేను ఎవరి సీట్లోనో కూర్చున్నాను. లేస్తారా అని నన్ను అడగడానికి ఆ మనిషి మొహమాటపడుతున్నట్టుంది."

సీట్ల గడిలో నేను "బాగున్నాయి" అని రాశాను.

మూడో మనిషి ఇమ్రాన్ భాయ్. మేడ్చల్‌లో మెకానిక్, ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పగలడు. ఆయన షెడ్డులోకి రాగానే ఖాళీ కారుకు సలాం చేశాడు. బానెట్టు ఎత్తి, అరగంట చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"భాయ్, ఒకసారి కూర్చుని స్టార్ట్ చేస్తారా?" అని అడిగాను.

"ఇంజిన్ అడుగుతవా బేటా? ఇంజిన్ ఫస్ట్ క్లాస్ ఉంది. గా సీటే ఖాళీ లేదు."

వెంట తెచ్చిన బ్యాటరీ తగిలించి, కిటికీలోంచి చెయ్యి మాత్రం పెట్టి స్టార్ట్ చేశాడు. మొదటిసారికే అందుకుంది. నేను "ఇంజిన్ బాగుంది" అని రాసి, రెండో వాక్యం వదిలేశాను.

ఈ మూడు మాటలూ పూర్తిగా నా డైరీలో ఉన్నాయి. ఫారంలో సగం సగం ఉన్నాయి. అమ్మాయీ, మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ముగ్గురు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఒకే చోట వేలు పెట్టి చూపించారు. అలా చూపించినప్పుడు గడి లేకపోతే కాగితం అంచున రాయాలి. అంచున చోటు లేకపోతే వెనక రాయాలి.

లాకు

ప్రసాదరావు గారు నా కాగితాలు చూసి అద్దాలు పైకి తోసుకున్నారు. "అన్నీ బాగున్నాయి. ఇంట్లో కట్టిన బాడీ అయినా, కట్టినప్పటి నుంచీ మారలేదు కాబట్టి గట్టిగా వాదించొచ్చు. కానీ డ్రైవర్ తలుపు తనంతట తాను తెరుచుకుంటోందంటున్నావు. రోడ్డు మీద తెరుచుకుంటే? కుదరదమ్మా."

"సార్, లాకు వేయిస్తే?" అన్నాను.

తొమ్మిదేళ్ళలో నేను నోరు తెరిచి చేసిన ఒకే ఒక సూచన అది. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూసి, "వేయించమను. వేయించాక రాద్దాం" అన్నారు. ఆ రోజంతా నాకు ఎంత సంతోషంగా ఉందో డైరీలో ఒక పేజీ ఉంది. ఇప్పుడు చదవలేను.

ఇమ్రాన్ భాయ్‌ని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నేనెయ్య. ఇంకెవరితోనన్న ఏపిచ్చుకో." కారణం నేను అడగలేదు. మేడ్చల్ నుంచి వేరే కార్పెంటర్‌ని తీసుకెళ్ళాను. ఆ రోజు జహేరాబీ ఇంట్లో లేదు. పక్కింటివాళ్ళు కళ్ళ పరీక్షకు తీసుకెళ్ళారట.

షాహీన్ కాసేపు నసిగింది. "అమ్మీకి ఒక మాట జెప్పాలె మేడమ్."

"చిన్న లాకే కదండీ. వచ్చాక చూపిద్దాం" అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయి ఆగిపోయింది. సర్టిఫికెట్ మా చేతుల్లో ఉందనుకునే మనిషి అంతకంటే ఏమంటుంది? మన ముందు జనం ఆగిపోయే మాటలు చాలా ఉంటాయి. ఫారం పట్టుకున్నవాళ్ళకు అవి వినబడవు. నాకు వినబడింది, పట్టించుకోలేదు. పావుగంటలో స్టీలు లాకు నాలుగు స్క్రూలతో తలుపుకు బిగిసింది. అయిదు దశాబ్దాలు దాటిన ఆ చెక్కలో దిగిన మొదటి ఇనుము అదేనేమో.

నివేదికలో "తలుపు సరిచేయబడింది" అని రాసి సంతకానికి పెట్టాను.

చప్పుడు

అయిదో రోజు షాహీన్ ఫోన్ చేసింది. "మేడమ్, మీరు ఒక్కసారి రావాలె. ఫోన్‌ల జెప్పేది కాదు."

వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. జహేరాబీ వరండాలో లేదు. షెడ్డులో, డ్రైవర్ తలుపు పక్కన నేల మీద చాప వేసుకుని కూర్చునుంది. అయిదు రోజుల్లో ముఖం ఇంకా చిక్కిపోయింది.

"అన్నం తింటలేదు మేడమ్" అంది షాహీన్. "చాయ్ తాగుతాంది, గంతే. మీకు అన్నీ జెప్పలే. మా తప్పే."

అప్పుడు చెప్పింది. మోయిన్ మేస్త్రీ రోజూ మేడ్చల్ నుంచి రెండింటికి అన్నానికి వచ్చేవాడు. పదేళ్ళ కింద ఒకరోజు కూడా అలాగే వచ్చాడు. షెడ్డులో కారు పెట్టిన చప్పుడయింది, ఇంజిన్ ఆపిన చప్పుడయింది. ఎంతకీ దిగలేదు. జహేరాబీ వెళ్ళి చూస్తే స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది.

"ఇంటికొచ్చిండు బిడ్డా. దిగలే" అంది జహేరాబీ. ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి. "నలభై దినాలు అయినంక, ఒక పగటీలి గా తలుపు దానంతలదే తెరుచుకున్నది. సరిగ్గ అన్నం యాళ్ళకు. ఆయన దిగిండు, మేం తిన్నం. గప్పటి సంది గంతే. ఆయన దిగినంకనే తింటం."

నాకు రామ్మూర్తి గారు వచ్చిన రోజున వినిపించిన పళ్ళాల చప్పుడు గుర్తొచ్చింది. అది విని కూడా నేను ఏమీ అడగలేదు.

"మరి ముసురు పట్టినప్పుడు?" అన్నాను. ఎందుకలా అడిగానో తెలియదు. వాన రోజుల్లో చెక్క ఉబ్బుతుంది, తలుపు తెరుచుకోదు కదా అన్న ఆలోచన వచ్చినట్టుంది.

"వానల బండి లేటయితది కద బిడ్డా" అందామె, అది కూడా తెలియదా అన్నట్టు. "ఒక్కోపాలి పొద్దుగూకేదాంక చూస్తం."

మేం అలా మాట్లాడుతుండగానే కారులోంచి టక్ అని వినిపించింది.

జహేరాబీ తల ఎత్తలేదు. షాహీన్ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ టక్. కాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు, వెంటవెంటనే. లోపల కూర్చున్న మనిషి వేలితో తలుపు మీద కొట్టినట్టు, గట్టిగా కాదు, ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారేమో అన్నంత మెల్లగా.

"లాకు ఏసినకాడికెంచి రోజు గిదే" అంది షాహీన్ గొంతు తగ్గించి. "రెండింటికి మొదలైతది. అర్ధగంట కొడ్తడు. మల్ల ఊకుంటడు."

నేను చదువుకున్నదాన్ని. నా దగ్గర జవాబుంది. రేకుల షెడ్డు, మధ్యాహ్నపు వేడి. టేకు ఒకలా ఆరుతుంది, తుమ్మ ఒకలా ఆరుతుంది. ఆరి కుంచించుకుపోయినప్పుడు చెక్క నాలుక గాడిలోంచి జారుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు లాకు పట్టుకుంది కాబట్టి ఆ బిగువంతా పోయే దారి లేక చెక్క చిటపటలాడుతోంది. ఇదంతా ఆమెకు చెప్పాను.

జహేరాబీ ఓపికగా విన్నది. "నువ్వు జెప్పింది నిజమే అయ్యుంటది బిడ్డా. కట్టె ఎప్పుడు ఒదుల్తదో నీకే తెలిసినప్పుడు, ఆయనకు తెల్వదా? మేస్త్రీ కద. తెలిసే జేసిండేమో."

లోపల టక్ టక్ అంటూనే ఉంది.

"లాకు తీసేస్తే సర్టిఫికెట్ రాదండీ" అన్నాను షాహీన్‌తో. ఆ మాట చెప్పకుండా లాకు తీయడం మళ్ళీ అదే తప్పు చేయడం అవుతుందని తోచింది. "కారు తుక్కుకు పోయే భయం అలాగే ఉంటుంది. మీరే చెప్పాలి."

షాహీన్ తల్లి వంక చూసింది. కారు వంక చూసింది.

"పోతే పోనీ మేడమ్. ముందుగాల అబ్బా దిగాలె."

ఆ తర్వాత

ముందు ఆఫీసు సంగతి చెప్పేస్తాను. మర్నాడు నివేదికను మళ్ళీ మొదటి నుంచి రాశాను. ముగ్గురి మాటలు పూర్తిగా రాశాను. సీటు వెచ్చగా ఉందన్నదీ, ఖాళీ లేదన్నదీ రాశాను. తలుపు ప్రతి మధ్యాహ్నం తెరుచుకుంటుందనీ, ఆ ఇంటివాళ్ళు దాన్ని లోపంగా చూడడం లేదనీ, బాగుచేయడానికి ఒప్పుకోరనీ రాశాను. ఆ ఇంటి పెద్దావిడను అడగకుండా లాకు వేయించింది నేనేనని కూడా రాశాను.

ప్రసాదరావు గారు రెండుసార్లు చదివారు. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

"ఇలా పంపితే రాదమ్మా."

"తెలుసు సార్."

"నాకు నమ్మకాలు లేవు. నీకున్నాయా?"

"తెలియదు సార్."

పెన్ను కింద పెట్టేసి, ఒక్క మాట కూడా కొట్టేయకుండా సంతకం చేశారు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ ఒక్క నిమిషం నుంచి వచ్చింది. సర్టిఫికెట్ రాలేదు. కారు ఆ షెడ్డులోనే ఉంది. మట్టి దారిలో ఏ లారీ ఆగినా షాహీన్ బయటికి వచ్చి చూస్తుందట. ఇది రాసే రోజు వరకూ ఎవరూ రాలేదు. రారని నేను చెప్పలేను.

రెండు నెలల తర్వాత నేను మానేశాను. కోపంతో కాదు. ఎవరైనా డ్రైవర్ సీటులోకి ఎక్కబోతుంటే ఇక నా నోట్లోంచి "ఆగండి, ముందు అడగనివ్వండి" అన్న మాట వచ్చేసేది. అలాంటి మనిషి ఆ పనికి పనికిరాదు. నువ్వు పనికివస్తావేమో. బండి చూసే ముందు ఆ ఇంట్లో దాన్ని ఎవరు, ఏ వేళకు, ఎందుకు చూస్తుంటారో అడుగు. సిగ్గు నాకూ ఉంది, నీకంటే ఎక్కువే ఉండొచ్చు. అయినా అడుగు.

ఇక ఆ మధ్యాహ్నం.

లాకు ఎవరు విప్పాలన్నది తేలలేదు. జహేరాబీ చాప మీద నుంచి లేచి నిలబడింది. షాహీన్ కుట్టుమిషను డబ్బాలోని స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. బిగించమన్నది నేనే కదా.

మొదటి స్క్రూ తేలిగ్గానే వచ్చింది. రెండోది తిప్పుతుంటే చప్పుడు ఆగింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అంతకుముందు వినబడిన దూరపు రోడ్డు కూడా వినబడలేదు. మూడో స్క్రూ తీసేసరికి తలుపును పట్టుకున్న నా ఎడమ అరచేతికి బరువు తెలిసింది. బయటికి, నెమ్మదిగా, ఆగి ఆగి. తొందరపెట్టడం లేదు. నా పని అయ్యేదాకా లోపల ఎవరో ఓపిక పడుతున్నట్టుంది. వేడికి చెక్క వంగుతోంది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో స్క్రూ నేల మీద పడింది. లాకు నా చేతిలోకి ఊడి వచ్చింది. వేడిగా ఉంది.

అరచెయ్యి తీశాను.

తలుపు తెరుచుకుంది. సగం దాకా వచ్చి నాకు తగిలి ఆగింది. నేను కదల్లేదు. లోపల సీటు కనిపిస్తోంది. దాని మధ్య గుంట, స్టీరింగు మీద నున్నటి రెండు చోట్లు.

వెనక నుంచి జహేరాబీ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె గొంతులో భయం లేదు, కోపం కూడా లేదు. బస్సులో అడ్డంగా నిలబడ్డ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"జర పక్కకు జరుగు బిడ్డా. దిగనీ."

జరిగాను. తలుపు మిగతా సగం కూడా తెరుచుకుంది. నాకు తెలియకుండానే తల వంచుకున్నాను. చిన్నప్పుడు ఇంటికి పెద్దవాళ్ళు వస్తే గోడకు ఆనుకుని అలాగే నిలబడేదాన్ని. నా ముందు నుంచి కాస్త వెచ్చటి గాలి వరండా వైపు వెళ్ళింది. అందులో రంపపు పొట్టు వాసన ఉంది.

జహేరాబీ దాని వెనకే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే కూతురితో అంది.

"షాహీన్, అన్నం పెట్టు. ఆ పోరి గూడ తింటది."